ఓటుహక్కుకై నిలిచిన సరోజినీదేవి

పాఠ్యభాగ పరిచయం

పద్దెనిమిదేళ్ళు నిండిన పౌరులందరికీ, స్త్రీ పురుష భేదం లేకుండా ఓటు ఉండడం నేడు మనకు సహజంగా తోస్తుంది. కాని నూరేళ్ళ క్రితం స్త్రీకి ఓటెందుకన్న ప్రశ్నే చాలామందికి సహజంగా తోచేది. ఆ ప్రశ్నకు మూడు దశాబ్దాలకు పైగా సమాధానం చెప్పిన వారిలో హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు అగ్రగణ్యురాలు. కవయిత్రిగా ఆమెను ఎరుగని వారుండరు. స్త్రీల ఓటుహక్కు కోసం ఆమె చేసిన కృషిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నిజాం పాలనలోని తెలుగువారి తొలి ఆంధ్ర మహాసభ 1930 మార్చి నెలలో జోగిపేటలో జరిగింది. అప్పటి మెదక్ జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ పట్టణానికి తెలంగాణ నలుమూలల నుండి ప్రతినిధులు తరలివచ్చారు. ప్రభుత్వ అనుమతి లేనిదే సభ జరుపుకోవడానికి వీలులేని రోజులవి. మహాసభకు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. దానితో పాటే స్త్రీల కోసం ప్రత్యేకంగా మహిళా సభ జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. స్త్రీవిద్య ఆవశ్యకత, బాల్యవివాహాల వల్ల కలిగే అనర్థాలు అక్కడ చర్చకు వచ్చాయి.

స్త్రీ వేదికనెక్కి మాట్లాడడమే వింతగా భావించిన కాలంలో ఇది సామాన్య విషయం కాదు. అయితే ఆ సభకు వచ్చిన నిజాం రాష్ట్ర స్త్రీలకు ఓటుహక్కు లేదు. ఆ సంస్థానంలోని సామాన్య పురుషులకూ లేదు. మాట్లాడే ధైర్యం వచ్చింది కాని, ఆ మాటను చట్టంగా మార్చగల సాధనం ఇంకా చేతికి రాలేదు. ఆ సాధనం దేశంలోని స్త్రీలందరికీ దక్కాలని అప్పటికే పన్నెండేళ్ళుగా శ్రమిస్తున్న సరోజినీ నాయుడు పుట్టి పెరిగింది ఆ నిజాం రాష్ట్ర రాజధానిలోనే.

సరోజినీదేవి 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ వంగదేశీయులు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొంది, నిజాం ఆహ్వానంపై హైదరాబాదుకు వచ్చారు. ఆయన నెలకొల్పిన కళాశాలే తర్వాతి కాలంలో నిజాం కళాశాల అయింది. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో గీతాలు రచించేవారు. పలు భాషలు, పలు మతాలు కలగలసి జీవించే నగరంలో, పండితులూ కవులూ వచ్చిపోయే ఇంట్లో సరోజిని పెరిగారు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులై అందరినీ ఆశ్చర్యపరిచారు. నిజాం ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1895లో ఇంగ్లండు వెళ్ళి లండనులోని కింగ్స్ కళాశాలలో, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో చదివారు.

1898లో స్వదేశానికి తిరిగివచ్చి, డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడును వివాహమాడారు. ఆయన తెలుగువారు, వైద్యులు. వధూవరుల కులాలు వేరు, మాతృభాషలు వేరు. అటువంటి పెళ్ళిని సమాజం హర్షించని ఆ రోజుల్లో మద్రాసులో జరిగిన ఆ వివాహానికి కందుకూరి వీరేశలింగం పంతులు పౌరోహిత్యం వహించారు. వారికి జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అనే నలుగురు సంతానం. నాంపల్లిలోని వారి ఇంటికి ఆమె తొలి కవితా సంపుటి పేరుమీద గోల్డెన్ త్రెషోల్డ్ అనే పేరు స్థిరపడింది. ఆ సంపుటి 1905లో లండనులో వెలువడింది. తర్వాతి సంపుటాలతో ఆమె కీర్తి దేశాంతరాలకు వ్యాపించింది.

1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినప్పుడు ఆమె బాధితుల సేవలో నిమగ్నులయ్యారు. ఆ సేవకు గుర్తింపుగా బ్రిటిషు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ దారుణం తర్వాత ఆమె దానిని తిరిగి ఇచ్చివేశారు. గోఖలే, గాంధీజీల సాహచర్యం ఆమెను క్రమంగా కవితా ప్రపంచం నుండి ప్రజా జీవితంలోకి నడిపించింది. ఊరూరా తిరిగి స్త్రీవిద్య గురించి, హిందూ ముస్లిం ఐక్యత గురించి ప్రసంగించారు.

1917వ సంవత్సరం ఈ కథలో ముఖ్యమైనది. భారత వ్యవహారాల మంత్రి మాంటేగు పాలనా సంస్కరణల విషయమై అభిప్రాయాలు సేకరించడానికి ఆ ఏడు భారతదేశానికి వచ్చారు. అదే ఏడు మద్రాసులోని అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. ఐర్లండుకు చెందిన మార్గరెట్ కజిన్స్ దాని స్థాపకులలో ఒకరు. స్త్రీవిద్య గురించి మంత్రికి విన్నవించుకోవాలని ఆమె మొదట అనుమతి కోరారు. రాజకీయ విషయాలైతేనే వింటామని అధికారులు సమాధానమిచ్చారు. తలుపు మూయడానికి చెప్పిన ఆ మాటే స్త్రీలకు తలుపు తెరిచింది. అలాగైతే రాజకీయ హక్కునే అడుగుదామని వారు నిశ్చయించుకున్నారు. దేశంలోని వివిధ ప్రాంతాల స్త్రీలతో ఒక ప్రతినిధి బృందం సిద్ధమైంది. దానికి నాయకత్వం వహించడానికి సరోజినీదేవి అంగీకరించారు.

1917 డిసెంబరు 18న ఆ బృందం మద్రాసులో మాంటేగును, వైస్రాయి చెమ్స్‌ఫర్డును కలిసి విజ్ఞాపనపత్రం సమర్పించింది. ప్రజలకు ఓటు ఇచ్చేటప్పుడు స్త్రీలను కూడా ప్రజలుగానే లెక్కించాలన్నది అందులోని సారాంశం. పురుషులకు ఏ అర్హతలు నిర్ణయిస్తారో అవే తమకూ నిర్ణయించాలని, స్త్రీ అయిన కారణం చేత ఎవరినీ తొలగించరాదని వారు కోరారు. ఆనాటికి ఇంగ్లండులో కూడా స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేదు. మరుసటి సంవత్సరం ముప్పై ఏళ్ళు దాటిన కొందరికి మాత్రమే లభించింది. అది గుర్తుంచుకుంటే ఆ కోరిక ఎంత సాహసోపేతమైనదో తెలుస్తుంది.

1918లో వెలువడిన సంస్కరణల నివేదికలో స్త్రీల ప్రస్తావనే లేదు. సరోజినీదేవి నిరుత్సాహపడలేదు. ఆ ఏడు బొంబాయిలో జరిగిన కాంగ్రెసు ప్రత్యేక సమావేశంలో స్త్రీల ఓటుహక్కు కోసం గట్టిగా వాదించారు. కాంగ్రెసు ఆ కోరికను బలపరిచింది. ఓటుహక్కు అర్హతలను నిర్ణయించడానికి వచ్చిన సౌత్‌బరో సంఘం మాత్రం కాలం ఇంకా పక్వం కాలేదంటూ స్త్రీలకు ఓటు నిరాకరించింది. ఘోషా పాటించే స్త్రీలు ఓటు వేయడానికి రాలేరన్నది వారు చూపిన కారణాలలో ఒకటి.

అప్పుడామె సముద్రాలు దాటి లండను వెళ్ళారు. 1919లో పార్లమెంటు సంయుక్త సంఘం ఎదుట అనీబిసెంటు, హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిఠన్ టాటాలతో పాటు సరోజినీదేవి కూడా భారత స్త్రీల పక్షాన వాదన వినిపించారు. ఫలితం సగమే దక్కింది. స్త్రీలకు ఓటు ఇవ్వాలో వద్దో ఆయా రాష్ట్రాల శాసనమండలులే తేల్చుకోవచ్చునని 1919 చట్టం వదిలివేసింది. ఆ సగం తలుపులో నుండే స్త్రీలు లోపలికి ప్రవేశించారు. 1921లో మద్రాసు శాసనమండలి బ్రిటిషు రాష్ట్రాలన్నిటిలో మొదటగా స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది. బొంబాయి వెంటనే అనుసరించింది. క్రమంగా ఇతర రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. సరోజినీదేవి తమ్ముని భార్య కమలాదేవి ఛటోపాధ్యాయ 1926లో మద్రాసు శాసనమండలికి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. మరుసటి ఏడు డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ఆ మండలిలో సభ్యురాలయ్యారు.

ఈ విజయానికి హద్దులున్నాయి. పన్ను చెల్లించే ఆస్తిపరులకే ఓటు ఉండేది. మన దేశంలో స్త్రీల పేర ఆస్తి ఉండడమే అరుదు. కనుక ఓటు దక్కిన స్త్రీలు చాలా కొద్దిమంది. పొలంలో నాటు వేసే కూలి తల్లికి, మగ్గం పక్కన నూలు చుట్టే ఇల్లాలికి ఆ చట్టం వల్ల ఒరిగినదేమీ లేదు. మరో వింత కూడా ఉంది. కోస్తా, రాయలసీమ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నందున అక్కడి తెలుగు స్త్రీలలో కొందరైనా ఓటర్లయ్యారు. నిజాం సంస్థానంలోని తెలుగు స్త్రీలకు ఆ కొద్ది భాగ్యమూ లేదు. దేశమంతటి స్త్రీల కోసం వాదించిన సరోజినీదేవి సొంత ఊరే ఆ హక్కుకు దూరంగా ఉండిపోయింది.

1925లో కాన్పూరులో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆమె అధ్యక్షత వహించారు. ఆ పదవి నలంకరించిన మొదటి భారతీయ మహిళ ఆమె. జోగిపేట సభ జరిగిన 1930లోనే ఉప్పు సత్యాగ్రహం సాగింది. గాంధీజీ అరెస్టయిన తర్వాత మే నెలలో ధారాసన ఉప్పు కొఠారుల పైకి సాగిన సత్యాగ్రహులకు సరోజినీదేవి నాయకత్వం వహించారు. లాఠీ దెబ్బలకు తలలు పగిలినా ఎదురు చేయి ఎత్తని ఆ శాంతి సైన్యాన్ని చూసి ప్రపంచం నివ్వెరపోయింది. ఆమె జైలు పాలయ్యారు.

1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి ఆమె లండను వెళ్ళారు. స్త్రీల హక్కుల విషయంలో అప్పటికి రెండు అభిప్రాయాలు ఉన్నాయి. చట్టసభలలో స్త్రీలకు కొన్ని స్థానాలు ప్రత్యేకించాలని కొందరు కోరారు. ప్రత్యేక స్థానాలు వద్దని, ఆస్తితో పని లేకుండా వయసు వచ్చిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునికి ఓటు ఇస్తే చాలునని ప్రధాన మహిళా సంఘాలు భావించాయి. సరోజినీదేవి ఈ రెండవ పక్షాన నిలిచారు. బేగం షా నవాజ్‌తో కలిసి ఆ మహిళా సంఘాల విజ్ఞాపనను సమావేశానికి సమర్పించారు. ప్రత్యేక స్థానాల విషయంలో ఆమె అభిప్రాయంతో ఏకీభవించని వారు ఆనాడూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. కాని అందరికీ ఓటు అన్న కోరికలో 1917 నాటి విజ్ఞాపన కన్న ఎంతో పెద్ద అడుగు ఉంది. ఆనాడు ఆస్తి ఉన్న స్త్రీ కోసం తెరుచుకున్న తలుపు, ఇప్పుడు ఏమీ లేని స్త్రీ కోసం కూడా తెరుచుకోవాలని ఆమె అడిగారు.

ప్రభుత్వం అంగీకరించలేదు. 1935 చట్టం ఓటర్ల సంఖ్యను పెంచింది గాని, స్త్రీకి ఓటు రావాలంటే ఆస్తి ఉండాలి, లేదా చదువు ఉండాలి, లేదా ఆస్తిపరుని భార్య అయి ఉండాలి. స్త్రీ తన కోసం తాను ఓటరు కావడానికి స్వాతంత్ర్యం వరకు నిరీక్షించవలసి వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో సరోజినీదేవి మళ్ళీ నిర్బంధానికి గురయ్యారు. ఆ తర్వాత రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. దుర్గాబాయి మొదలైన మహిళలతో పాటు ఆ సభలో ఆసీనులయ్యారు. 1947 ఆగస్టు 15న సంయుక్త రాష్ట్రాలకు, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతానికి, గవర్నరుగా ప్రమాణం చేశారు. స్వతంత్ర భారతంలో మొదటి మహిళా గవర్నరు ఆమే. 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

ఆమె మరణించిన తొమ్మిది నెలలలోపే, నవంబరు 26న, రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి పౌరునికీ, స్త్రీ అయినా పురుషుడైనా, ఆస్తి ఉన్నా లేకున్నా, అక్షరం వచ్చినా రాకున్నా ఓటుహక్కు లభించింది. ముప్పై రెండేళ్ళ క్రితం మద్రాసులో మొదలుపెట్టిన వాదన గెలిచింది. గెలుపు చూడడానికి ఆమె లేరు.

చట్టం వచ్చినంత మాత్రాన పని పూర్తి కాలేదు. మొదటి సార్వత్రిక ఎన్నికల కోసం ఓటర్ల జాబితా తయారుచేస్తుండగా, ఉత్తరాదిలోని కొన్ని రాష్ట్రాలలో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పారు. సొంత పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల సంఘం నిర్ణయించింది. ఆ విధంగా దాదాపు 28 లక్షల స్త్రీల పేర్లు జాబితాకు ఎక్కలేదు. స్త్రీని కూడా ప్రజలలో ఒకరిగా లెక్కించాలన్న ఆనాటి విజ్ఞాపనకు అసలైన అర్థం ఇక్కడ బోధపడుతుంది. లెక్కలోకి రావాలంటే ముందు పేరు ఉండాలి.

1952 నాటికి హైదరాబాదు రాష్ట్రంలో స్త్రీ పురుషులు తొలిసారిగా బారులు తీరి ఓట్లు వేశారు. ప్రతి అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది. దానిపై ఆ అభ్యర్థి గుర్తు అంటించి ఉండేది. చదువురాని తల్లి కూడా గుర్తు చూసి తన కాగితాన్ని కోరిన పెట్టెలో వేయగలిగింది. ఆ ఎన్నికలలో మెదక్ నుండి లోక్‌సభకు ఎన్నికైన వ్యక్తి డాక్టర్ జయసూర్య. ఆయన సరోజినీదేవి పెద్ద కుమారుడు. తల్లి సాధించదలచిన హక్కుతో మెదక్ ప్రాంతపు స్త్రీలు తొలిసారి ఓటు వేసిన నాడు, గెలిచినవారు ఆమె బిడ్డే కావడం విశేషం. పదిహేనేళ్ళ తర్వాత, 1967లో, అదే మెదక్ స్థానం నుండి సంగెం లక్ష్మీబాయి గెలిచారు. 1980లో ఇందిరాగాంధీ అక్కడి నుండే ఎన్నికయ్యారు. ఓటు వేసిన స్త్రీ, ఓటు అడిగే స్థాయికి ఎదిగింది.

ఓటుహక్కు వయస్సును 1989లో పద్దెనిమిదేళ్ళకు తగ్గించారు. ఈ పాఠం చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులు ఒకటి రెండేళ్ళలో ఓటర్లవుతారు. ఓటర్ల జాబితాలో తన పేరును తన పేరుగా చూసుకున్న ప్రతి అమ్మాయి, దాని వెనుక ఒక హైదరాబాదు కవయిత్రి ముప్పై ఏళ్ళ శ్రమ ఉన్నదని తలచుకోవాలి. ఆ పేరును జాబితాకే పరిమితం చేయక, పోలింగు కేంద్రం దాకా తీసుకువెళ్ళడమే సరోజినీదేవికి మనం అర్పించగల నివాళి.

ప్రశ్నలు

1. 1917లో సరోజినీదేవి నాయకత్వంలోని బృందం సమర్పించిన విజ్ఞాపన సారాంశాన్ని వివరించండి.
2. 1921లో మద్రాసు రాష్ట్రంలో లభించిన ఓటుహక్కుకు ఉన్న హద్దులేవి?
3. మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితా నుండి లక్షలాది స్త్రీల పేర్లు తొలగిపోవడానికి కారణమేమి? దాని నుండి మీరు గ్రహించినదేమి?
4. మీ ఇంట్లోని పెద్దలు మొదటిసారి ఓటు వేసిన అనుభవాన్ని అడిగి తెలుసుకొని, ఒక పుటలో రాయండి.