భూస్తరవేత్త విలియం స్మిత్తు

విలియం స్మిత్తు 1769లో ఇంగ్లండునందలి చర్చిల్ గ్రామమున నొక కమ్మరి యింట జన్మించెను. బాల్యముననే తండ్రిని గోలుపోయెను. గ్రామపాఠశాల చదువు తప్ప వేరు చదువెరుగడు. స్వయంకృషిచే భూమికొలతపని నేర్చి, సోమర్సెట్టు ప్రాంతపు బొగ్గుగనులలోను, కాలువ త్రవ్వకములలోను పనిచేసెను.

అచ్చట నతడు గ్రహించినది యిది: రాతిపొరలు ఒకే వరుసలో నుండును, ఒక్కొక్క పొరయందు దానికే చెల్లు ప్రాచీనజీవుల శిలాజములు కానవచ్చును. పొరలు తలక్రిందులు కానిచోట అడుగుది ముందటిది, పైది తరువాతది. కావున శిలాజమును బట్టి పొరను, పొరను బట్టి జీవుల పూర్వాపరములను నిర్ణయింపవచ్చును.

ఈ సూత్రముతో దేశమెల్ల తిరిగి, 1815లో ఇంగ్లండు, వేల్సుల భూస్తరపటమును ప్రకటించెను. అప్పుల బాధచే తాను కూర్చిన శిలాజములను బ్రిటిషు మ్యూజియమునకు విక్రయించెను. అయినను అప్పు తీరక 1819లో చెరసాల పాలయ్యెను. మొదట నతని నాదరింపని లండను భూవిజ్ఞానసంఘమే 1831లో వొలాస్టన్ పతకమును తొలుదొల్త నతనికి సమర్పించెను. 1839లో అతడు కీర్తిశేషుడయ్యెను.

స్మిత్తు పొరల వరుస చెప్పెనే కాని యేండ్లు చెప్పజాలడయ్యెను. తరువాతి శాస్త్రజ్ఞులు జిర్కాను రేణువులలోని యురేనియము సీసముగా మారు తీరును గణించి, తొలి జంతువుల శిలాజములు విరివిగా దొరకు కేంబ్రియను యుగము సుమారు 54 కోట్ల యేండ్ల క్రిందట మొదలైనదని తేల్చిరి. శిలాజములను బట్టి పొరల వరుసను నిర్ణయించు సూత్రము మాత్రము ఆ కమ్మరి కుమారుడు చూపినదే.