ఊరి డాక్టర్లకు పరిశోధన నేర్పిన మెకంజీ

వైద్య పరిశోధన పట్నాల్లోని పెద్దాసుపత్రుల పని అని చాలామంది అభిప్రాయం. అది సరికాదని నిరూపించిన ఘనత డాక్టర్ జేమ్స్ మెకంజీకి దక్కుతుంది. మన ఊళ్ల కైఫీయత్తులు సేకరింపజేసిన కల్నల్ మెకంజీ వేరు, ఈయన వేరు.

ఈయన 1853లో స్కాట్లాండులో ఒక రైతు ఇంట జన్మించారు. మొదట మందుల దుకాణంలో పనిచేసి, పిదప ఎడింబరోలో డాక్టరీ చదివారు. 1879లో ఇంగ్లండులోని బర్న్‌లీ అనే బట్టల మిల్లుల ఊరిలో ప్రాక్టీసు మొదలుపెట్టారు.

అక్కడ గుండెజబ్బు ఉన్న ఒక గర్భిణి పురిటి సమయంలో ఆయన చేతుల్లోనే మరణించింది. ప్రమాదాన్ని ముందే గుర్తించలేకపోయానన్న బాధ ఆయనను వదల్లేదు. నాటినుంచి తన రోగుల నాడిని ఏళ్ల తరబడి పరిశీలించి రాసిపెట్టారు. నాడి కదలికను కాగితంపై గీసే పాలీగ్రాఫ్ యంత్రాన్ని ఒక గడియారాల పనివాని సాయంతో చేయించారు. గుండె లయ తప్పినంత మాత్రాన ప్రతివారికీ ప్రాణభయం లేదని తేల్చారు.

1907లో లండన్ చేరి మంచి పేరు గడించారు. 1915లో సర్ బిరుదు పొందారు. అయినా అన్నీ వదులుకుని, 1919లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో పరిశోధన సంస్థ నెలకొల్పారు. స్థానిక డాక్టర్లనే చేర్చుకుని, రోగి వివరాలు రాసి భద్రపరచడం, కలిసి చర్చించడం నేర్పారు. జబ్బు ముదిరాకే మనిషి పెద్దాసుపత్రికి వెళతాడనీ, తొలి లక్షణాలు కనిపించేది ఇంటి డాక్టరుకేననీ ఆయన నమ్మకం.

1925 జనవరి 26న గుండెజబ్బుతోనే కన్నుమూశారు. తర్వాత ఆ సంస్థ మూతపడినా ఆయన బాట మూతపడలేదు. ఆయన పుస్తకం చదివి ఉత్తేజితుడైన విలియం పికిల్స్ అనే పల్లె డాక్టరు, అంటురోగాలు ఊరూరా ఎలా పాకేదీ లెక్కగట్టి 1939లో గ్రంథం ప్రచురించారు.