చూపు ఆనకపోయినా స్వరం తప్పని ద్వారం

విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి (1893-1964) చిన్ననాటి నుంచీ చూపు మందం. బడి చదువు సాగలేదు. అన్న వెంకటకృష్ణయ్య గారి దగ్గర వయొలిన్ పట్టారు. దానికి చెవీ వేళ్ళూ చాలు కదా!

పుట్టుకతోనే కనుగుడ్లు నిలవక ఆడే బిడ్డలు, కంటి నుంచి మెదడుకు పోయే నరం సరిగా ఎదగని బిడ్డలు మన ఊళ్ళలోనూ ఉంటారు. దిష్టి అని తాయెత్తు కట్టి ఊరుకోవడం తగదు. మూడు నెలలు దాటినా తల్లి ముఖం మీద చూపు నిలపని బిడ్డను కంటి ఆసుపత్రిలో చూపించాలి. కళ్ళజోడు పూర్తి చూపు తేకపోయినా, ఉన్న చూపుకు ఆసరా అవుతుంది.

నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోతే, 1919లో అధ్యాపకుడిగానే తీసుకున్నారు. ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు.