ఆ పూల వెనక చెల్లెలు

బళ్లో ఇంగ్లిషు పాఠంగా 'డాఫొడిల్స్' పద్యం చదువుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఆ పువ్వును నేనెన్నడూ చూడలేదు. అయినా సరస్సు ఒడ్డు, గాలి, పసుప్పచ్చటి పూలు... తలచుకుంటే చాలు, కళ్ల ముందుకొచ్చేస్తాయి. అంతా వర్డ్స్‌వర్త్ కవి చలవే అనుకుంటాం. కానీ ఆ చూపులో సగం ఆయన చెల్లెలు డొరొతీది!

డొరొతీ 1771 డిసెంబరు 25న ఇంగ్లండులోని కాకర్‌మౌత్‌లో పుట్టింది. ఆరేళ్లప్పుడే తల్లి పోతే బంధువులింట పెరిగింది. అన్నదమ్ముల్ని మళ్లీ చూడ్డానికి తొమ్మిదేళ్లు పట్టింది. 1799 చివర్లో అన్నాచెల్లెళ్లిద్దరూ సరస్సుల సీమలోని గ్రాస్మియర్‌లో చిన్న ఇంట్లో కాపురం పెట్టారు.

ఇప్పుడు లోకమంతా మెచ్చే ఆ సీమ ఒకప్పుడు ఎవరికీ పట్టలేదు. 'రాబిన్సన్ క్రూసో' రాసిన డెఫో 1720లలో ఆ ప్రాంతాన్ని ఉత్త బీడనీ, చూస్తేనే భయమేస్తుందనీ తీసిపారేశాడు. తర్వాత కొండలేం మారలేదు. వాటిని గురించి చెప్పే మాటలు మారాయి. ఆ మాటల్లో డొరొతీవీ ఉన్నాయి.

1800 మే నెలలో, అన్న చదువుకుని సంతోషిస్తాడని ఆమె డైరీ మొదలుపెట్టింది. రొట్టెలు కాల్చడం, బట్టలు ఇస్త్రీ చేయడం, తోటపని... వాటి పక్కనే సరస్సు మీద వెన్నెల! 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ ఒడ్డున అన్నతో నడుస్తూ డాఫొడిల్స్ చూసింది. కొన్ని అలిసిపోయి రాళ్ల మీద తల వాల్చాయనీ, మిగతావి గాలితో నవ్వుతూ ఆడుతున్నాయనీ రాసుకుంది. అన్న పద్యం రాసింది 1804లో, అచ్చయింది 1807లో. అందులో రెండు పాదాలు వదిన మేరీవట. కానీ పద్యంలో కవి ఒంటరిగా తిరుగుతుంటాడు. పక్కన నడిచిన చెల్లెలి ఊసే లేదు!

1818లో, 46 ఏళ్ల వయసులో, స్నేహితురాలితో కలిసి ఇంగ్లండులోకెల్లా ఎత్తయిన స్కాఫెల్ పైక్ ఎక్కింది. ఆ ముచ్చట ఉత్తరంలో రాస్తే, అన్న 1822లో తన యాత్రా పుస్తకంలో చేర్చుకున్నాడు... ఆమె పేరు లేకుండానే.

రచయిత్రి అనిపించుకోవడం ఆమెకే ఇష్టం లేదు, నిజమే. అయినా నా మనసొప్పదు. ఇష్టం లేకపోవడం వేరు, పేరు లేకపోవడం వేరు కదూ!

చివరి ఇరవై ఏళ్లూ జబ్బుతో, మతి తప్పి గడిపి 1855 జనవరి 25న కన్నుమూసింది. గ్రాస్మియర్ డైరీ అచ్చులోకి వచ్చింది 1897లో. 2017లో ఆ సీమను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారసత్వమంటే కొండలూ నీళ్లే కాదు, వాటిని చూడటం నేర్పిన మాటలు కూడా.

పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే మన ఊరి చెరువు గురించీ ఒక వాక్యం పడుతుంది. రాసి చూడండి. కింద మాత్రం మీ పేరు మరిచిపోకండి!