వెల్లకిల పరుండి గెలిచిన వీరుడు: కోడి రామమూర్తి

తెలుగున చిత్తుచేయుట అను మాట కలదు. వాదమునగాని పోటీయందుగాని ఒకరిని పూర్తిగా ఓడించినచో వానిని చిత్తు చేసెనందుము. ఈ మాట కుస్తీగోదానుండి వచ్చినది. హిందూస్థానీలో చిత్ అనగా వెల్లకిల అని అర్థము. ప్రత్యర్థిని పడవేసి, వాని రెండు భుజములును ఏకకాలమున నేలకు ఆనునట్లు చేసినచో కుస్తీ ముగిసినట్లే. అంతవరకు ఎంతసేపు పోరినను, ఎన్ని పట్టులు పట్టినను గెలుపు లేదు. నేలకు వీపు ఆనించి ఆకాశమును చూచినవాడే ఓడినవాడు.

వెల్లకిల పడుట మల్లునికి ఇంతటి అవమానము. అట్టి భంగిమలోనే లోకము మెచ్చు ఘనకార్యమును చేసి చూపిన మల్లుడొకడు మన తెలుగువారిలో పుట్టెను. కలియుగ భీముడని ప్రసిద్ధి గాంచిన కోడి రామమూర్తి నాయుడుగారే ఆ మహనీయులు.

రామమూర్తిగారు 1880వ దశకపు తొలినాళ్ళలో, ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున జన్మించిరి. ఆ గ్రామము నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో కలదు. తండ్రి వెంకన్న నాయుడుగారు. పసితనముననే తల్లిని కోల్పోయిన ఈ బాలుడు చదువు కంటె ఆటలందును అల్లరియందును మక్కువ చూపుచుండెను. అందువలన తండ్రి అతనిని విజయనగరమున పోలీసు ఉద్యోగములో నున్న తన తమ్ముడు నారాయణస్వామిగారి యింటికి పంపిరి. తల్లిలేని పిల్లవాడు పినతండ్రి చెంత పెరిగెను. ఆ మార్పే అతని జీవితమునకు మలుపు.

నాటి విజయనగరము విద్యలకు నిలయము. హరికథలకు ఆద్యుడైన ఆదిభట్ల నారాయణదాసుగారును, గురజాడ అప్పారావుగారును నివసించిన పట్టణమది. సంగీతసాహిత్యములతో పాటు అచ్చట సాముగరిడీలకును ఆదరము కలదు. తాలింఖానాలో వస్తాదుల యెదుట యువకులు దండీలు, బస్కీలు తీయుచు, ముద్గరములు త్రిప్పుచు దేహమును తీర్చుకొనుచుండిరి. రామమూర్తిగారు ఆ మట్టిలోనే మల్లవిద్యను అభ్యసించిరి.

ఈ విద్య కేవలము కండబలమునకు చెందినది కాదు. పడవేయబడిన మల్లుడు ఓటమిని తప్పించుకొనుటకు మడమలను, తలను నేలకానించి, నడుమును విల్లువలె పైకెత్తును. భుజములు నేలను తాకనంతవరకు అతడు బ్రతికియున్నట్లే. పైనున్నవాడు ఆ విల్లును అణచుటకు తన బరువునంతయు మోపును. అమెరికా కళాశాలల కుస్తీలో ఇట్లు భుజములను నేలకానించుటను పిన్ అందురు. అచ్చట కళాశాల విద్యార్థులకు ఒక సెకను కాలమును, ఉన్నత పాఠశాల విద్యార్థులకు రెండు సెకనుల కాలమును భుజములు కదలక ఆనియుండవలెనని నియమము. ఆ ఒక్క సెకను కొరకు ఏండ్ల తరబడి సాధన చేయుదురు.

ఆ ఒక్క సెకనును ప్రత్యర్థికి దక్కనీయకుండుటకు మల్లులు ఎంత దూరము పోవుదురో తెలియుటకు రామమూర్తిగారి కాలముననే జరిగిన ఒక కుస్తీని చెప్పవచ్చును. 1910 సెప్టెంబరు 10వ తేదీన లండను నగరమున పంజాబు మల్లుడైన గామా, పోలెండు దేశీయుడైన స్టానిస్లాస్ జిబిష్కోతో తలపడెను. ఆరంభములోనే జిబిష్కో నేలకు చేరి, బోర్ల పరుండి, లేచుట మానెను. రెండున్నర గంటలకు పైగా గామా ఎంత యత్నించినను అతనిని వెల్లకిల త్రిప్పలేకపోయెను. నాటికి ఆ కుస్తీ తేలలేదు. వారము దినముల తరువాత తిరిగి పోరవలసియుండగా జిబిష్కో రాలేదు. గామా గెలిచినట్లు ప్రకటించిరి. 1928లో పాటియాలాలో వారు మరల తలపడినపుడు ఒక నిమిషము గడువకముందే గామా అతనిని పడవేసెను. వీపు నేలకు ఆనునను భయముతో ఒక మహామల్లుడు రెండున్నర గంటలు మట్టిని కరచి యుండెనన్నమాట.

రామమూర్తిగారి త్రోవ వేరు. వారు మల్లవిద్యతో తృప్తిపడక మద్రాసునందలి సైదాపేటకు పోయి, ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణమును పొందిరి. హ్యారీ క్రో బక్ దొర 1920లో మద్రాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించుటకు ఎన్నో యేండ్ల ముందటి మాట యిది. తెలుగునాట పుట్టిన యువకుడు తమిళనాట విద్య నేర్చి, తిరిగి విజయనగరమునకు పోయి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడాయెను. లోకము ఆయనను సర్కసు వీరునిగా ఎరుగునుగాని, అంతకుముందు ఆయన మావంటి బడిపంతులు. పిల్లలను వరుసగా నిలువబెట్టి ఊపిరి పీల్చుట, విడుచుట నేర్పిన గురువు.

ఆ దినములలో బలప్రదర్శనలకు మిక్కిలి గిరాకి యుండెను. ప్రష్యా దేశమున పుట్టిన యూజెన్ శాండో దేశదేశములు తిరిగి కండల అందమును చూపి, 1900 తరువాత మన దేశమునకును వచ్చెను. ఆయన పేరే నేడు మన అంగళ్ళలో శాండో బనియను అను మాటలో నిలిచియున్నది. భారతీయుల సర్కసు కూడ అప్పటికే పాదుకొనెను. 1880లో విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో తొలి ప్రదర్శనమిచ్చెను. మలయాళదేశమున తలశ్శేరిలో కీలేరి కుంజికణ్ణన్ అను గురువు ఎందరినో సర్కసు విద్యలో తీర్చిదిద్దెను. రామమూర్తిగారు పొట్టి పంతులు అను మిత్రుని సాయముతో తమ సర్కసును నెలకొల్పి ఊరూర ప్రదర్శనములిచ్చిరి.

వారి ప్రదర్శనములలో ముఖ్యమైనవి మూడు. మొదటిది గొలుసు త్రెంచుట. రొమ్ము చుట్టును ఇనుపగొలుసు బిగించి, నిండుగా ఊపిరి పీల్చి కండరములను బిగించినంతనే ఆ గొలుసు పటుక్కున తెగిపోవుచుండెను. రెండవది కార్లను ఆపుట. రెండు కార్లకు కట్టిన త్రాళ్ళను చేతులకు తగిలించుకొని, అవి చెరియొక ప్రక్కకు లాగుచుండగా కదలక నిలుచుచుండిరి. ఆ దినముల కార్లు నేటివాటివంటివి కావు. 1908లో వచ్చిన ఫోర్డు కారు బలము ఇరువది అశ్వశక్తులు మాత్రమే. అయినను మనుష్యుని భుజములకు అది సామాన్యమైన పరీక్ష కాదు.

మూడవది అన్నిటికంటె గొప్పది. వారు నేలపై వెల్లకిల పరుండెడివారు. రొమ్ముపై బలమైన పలకను అమర్చగా దానిపై ఏనుగు ఎక్కెడిది. మన దేశపు ఏనుగు బరువు రెండునుండి ఐదు టన్నుల వరకు ఉండును. వెడల్పైన పలక భారమును ఒక్కచోట పడనీయక పరచును. నిండిన ఊపిరితో రొమ్ము గాలి నింపిన బంతివలె బిగిసియుండును. ఏనుగు నిలిచినంతసేపును ఆ ఊపిరిని విడువరాదు. విడిచినచో ప్రక్కటెముకలు విరిగిపోవును. ఏనుగు దిగిన పిమ్మట రామమూర్తిగారు లేచి నిలిచి సభకు నమస్కరించెడివారు.

ఇచ్చట ఒక్కమాట. బాలబాలికలారా, ఇట్టి వానిని ఎవ్వరును ఇంటగాని బడిలోగాని అనుకరింపరాదు. అది ఎన్నో యేండ్ల సాధనకు ఫలము. రామమూర్తిగారి బలమునకు మూలము ప్రాణాయామము, నియమబద్ధమైన జీవితము. మాంసము తినక బలము రాదని నమ్మువారి నడుమ వారు శాకాహారులుగానే ఉండిరి.

వారి కీర్తి సముద్రములు దాటెను. లండను నగరమున అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శనమిచ్చి, ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదమును పొందిరి. హెర్క్యులిస్ గ్రీకుల పురాణములందలి మహాబలుడు. మనవారికి మాత్రము వారు భీముడే. విరాటుని కొలువున వంటవాడైన వలలుడు జీమూతుడను మల్లుని మట్టి కరపించిన కథ మనకు తెలియును కదా. పరుల యేలుబడిలో తలవంచి బ్రతుకుచున్న ప్రజలకు తమలోనొకడు ఏనుగు క్రిందనుండి లేచి నిలుచుట చూచినపుడు, తామును లేచి నిలువగలమను ధైర్యము కలిగెను. వలలుని రూపమున భీముడు దాగియున్నాడని వారికి తోచెను.

రామమూర్తిగారు అపారముగా ధనమార్జించిరి; ఆర్జించినదానిలో అధికభాగమును దానములకు వెచ్చించిరి. కడపటి దినములలో వారికి కష్టము వచ్చినది. కాలిపై రాచకురుపు లేవగా వైద్యులు ఆ కాలినే తొలగింపవలసి వచ్చెను. కార్లను ఆపి నిలిచిన దేహము ఒంటికాలిపై నిలువవలసి వచ్చినది. ఏనుగు మోయింపలేని ఓటమిని రోగము మోయించినదని ఎవరైనను అనుకొనవచ్చును. తుదకు ఒరిస్సాలోని పాట్నా సంస్థానపు రాజధానియైన బలంగీరులో, 1942 జనవరి మాసమున, సంక్రాంతి దినములలో వారు కన్నుమూసిరి.

వారి జీవితము ఓటమితో ముగిసినదనవచ్చునా? కుస్తీనియమము ప్రకారము భుజములు నేలకానినవాడు ఓడినవాడు. రామమూర్తిగారు ప్రతి ప్రదర్శనమునను తామై భుజములను నేలకానించి, ఆ స్థితినుండియే లేచి చూపిరి. పడుట ఓటమి కాదు. పడినచోట ఊపిరి విడుచుటయే ఓటమి. వారు సభలకు చూపిన పాఠమిది. కాలు పోయినను పేరు పోలేదు. నేటికిని శ్రీకాకుళమున వారి పేర క్రీడాప్రాంగణమున్నది. విశాఖపట్టణపు సాగరతీరమున వారి విగ్రహమున్నది.

మన తిరుత్తంగల్ కొండపై వెలసిన స్వామి నిన్ఱ నారాయణుడు, అనగా నిలిచియున్న నారాయణుడు. సమీపముననే, ఆముక్తమాల్యద కథకు నెలవైన శ్రీవిల్లిపుత్తూరులో స్వామి వటపత్రశాయి, ఆయన పరుండియున్నాడు. నిలిచినను పరుండినను దైవము దైవమే. మనుష్యుని విలువయు అట్టిదే.

తల్లిదండ్రులకొక మనవి. వ్యాయామపు గంట వచ్చినపుడు అది చదువునకు నష్టమని తలపకుడు. తల్లిలేని అల్లరిపిల్లవానికి త్రోవ చూపినది ఆ తాలింఖానా మట్టియే. తమిళనాట చదువుకొనుచున్న మన తెలుగు బిడ్డలు రామమూర్తిగారిని తమవానిగా ఎంచుకొనవలెను. ఆయన తెలుగున పుట్టి, సైదాపేటలో నేర్చి, లోకమంతయు తిరిగినవాడు. పరీక్షలోనో ఆటలోనో నేలకు వీపు ఆనిన దినమున ఆయనను తలచుకొని, నిండుగా ఊపిరి పీల్చి, లేచి నిలువుడు.