ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ జీవితగాథ

మన మొఘల్‌పురాకు సమీపంలోని చౌమహల్లా ప్రాసాదంలో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారొకటి సందర్శకులకు కనువిందు చేస్తూ ఉంటుంది. దానిని తయారు చేయవలసిందిగా కోరిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్, కారు చేతికి రాకమునుపే 1911లో దివంగతులైనారు. రాజసం ఉట్టిపడే ఆ వాహనానికి ముందు చక్రాలకు బ్రేకులు ఉండేవి కావు. వెనుక చక్రాలకు ఉన్నవి కూడా డ్రమ్ము బ్రేకులే. అంతకు దాదాపు పదేళ్ల మునుపే వేరొక పద్ధతి బ్రేకును రూపొందించిన మేధావి ఒకరున్నారు. ఆయనే ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్.

ఆయన 1868 అక్టోబరు 23న లండనులో జన్మించారు. తండ్రి భవన శిల్పి. అన్న హెన్రీ వాన్ లాంచెస్టర్ కూడా ఆ విద్యలోనే కీర్తి గడించి, జోధ్‌పూరులోని ఉమేద్ భవన ప్రాసాదానికి రూపకల్పన చేశారు. ఫ్రెడరిక్ మాత్రం యంత్రాల వైపు మొగ్గినారు. సౌతాంప్టనులోను, లండనులోను చదివినా పట్టా పొందకుండానే విద్యాలయం వీడి, బర్మింగ్‌హాములో ఒక గ్యాసు ఇంజన్ల కర్మాగారంలో చేరారు. 1896 నాటికి సొంతంగా రూపొందించిన కారును రోడ్డు మీద నడిపారు. 1899లో సోదరులతో కలసి కంపెనీ స్థాపించారు.

1902లో ఆయన డిస్కు బ్రేకుకు పేటెంటు పొందారు. చక్రంతోపాటు తిరిగే పలుచని లోహపు బిళ్లను ఇరువైపుల నుండి పటకారు వలె పట్టి నిలుపుటే అందులోని సూత్రం. డ్రమ్ములో పుట్టిన వేడి లోపలే చిక్కుకొంటుంది. డ్రమ్ము వ్యాకోచించి పట్టు సడలుతుంది. డిస్కుకైతే గాలి తగులుతుంది, వేడి త్వరగా తగ్గుతుంది.

ఆలోచన దివ్యమైనదే, కాని పదార్థం కుదరలేదు. ఒరుసుకొనే భాగానికి ఆయన రాగిని వాడారు. లోహం మీద లోహం రాచుకొని చెవులు గింగురుమనే కీచుధ్వని పుట్టేది. నాటి మట్టి రోడ్ల దుమ్ములో రాగి త్వరగా అరిగిపోయేది. కొద్ది సంవత్సరాలకు హెర్బర్ట్ ఫ్రూడ్ అనే మరొక ఆంగ్లేయుడు ఆస్‌బెస్టాస్ లైనింగులు ప్రవేశపెట్టి ఆ చిక్కును కొంత తీర్చారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని లోకానికి తరువాత తెలిసింది. డిస్కు బ్రేకు ప్రతిభ రుజువైనది 1953లో, లెమాన్ పందెంలో జాగ్వారు కారు గెలిచినప్పుడు. అంటే లాంచెస్టర్ మరణించిన ఏడేళ్లకు.

పాత కారుకు డిస్కు బ్రేకులు అమర్చుకోదలచిన నేటి యజమానికి కూడా ఆయన అనుభవమే గుణపాఠం. డిస్కును, ప్యాడును విడివిడిగా కాక జంటగా ఎన్నుకోవాలి. వేడిని తాళే పోత ఇనుప డిస్కు తగినది. చార్మినారు పరిసరాల రద్దీలో మెల్లగా నడిచే కారుకు చల్లగా ఉన్నప్పుడే పట్టు చూపే ప్యాడు కావాలి; వేడెక్కితేగాని పనిచేయని పందెపు ప్యాడు ప్రమాదకరం. నిర్ణీత మందం కంటె అరిగిన డిస్కును మార్చక తప్పదు. మార్చినప్పుడు కుడి ఎడమలు రెండింటినీ కలిపే మార్చాలి.

లాంచెస్టర్ ప్రజ్ఞ బ్రేకులతో ఆగలేదు. విమాన శాస్త్రంపై 1897లో ఆయన సమర్పించిన వ్యాసాన్ని ఒక విద్వత్సంఘం తిరస్కరించింది. ఆయన నిరాశ చెందక ఆ కృషినే 1907, 1908లలో రెండు గ్రంథాలుగా వెలువరించారు. యుద్ధంలో బలాబలాలను లెక్కకట్టే సూత్రం కూడా ఆయనదే. 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. అయినా ధనలక్ష్మి ఆయనను కరుణించలేదు. చూపు మందగించి, వ్యాధిగ్రస్తులై, పరుల సాయంతో కాలం గడిపి 1946 మార్చి 8న కన్నుమూశారు.

పట్టా లేని ఆ మహనీయుని పేరును 1970లో కోవెంట్రీ నగరంలోని పాలిటెక్నిక్ విద్యాలయానికి పెట్టారు. విద్యార్థి మిత్రులారా! తొలి ప్రయోగం కీచుమన్నంత మాత్రాన ఆలోచన తప్పు కాదు. లోపం సూత్రంలో ఉన్నదా, పదార్థంలో ఉన్నదా అని విచారించిన పిదపనే దానిని విడిచిపెట్టాలి. లాంచెస్టర్ జీవితం మనకిచ్చే సందేశం ఇదే.