కాలేజీ వదిలి పల్లె బడికి వచ్చిన గోరా గారు

ఈసారి గొప్పవాళ్ళ జీవితం రాసే వంతు నాది. గాంధీ, అంబేద్కర్, అల్లూరి గురించి అందరూ రాసేసినారు. లైబ్రరీ బీరువా కింది అరలో గోరా గారి పుస్తకం దొరికింది, అందుకని ఆయన గురించి రాస్తున్నా. ముందే ఒక మాట చెప్తా. ఆయన నాస్తికుడు, నేను కాదు. సేవాలాల్ జయంతికి మా తాండాలో అందరికన్నా ముందు నిలబడేది నేనే. ఇది చదివి నాతో ఎవరూ కొట్లాటకు రావొద్దు.

ఆయన అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న ఒరిస్సాలోని ఛత్రపురంలో పుట్టినారు. ఆచారం గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబం. మద్రాసులో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివి మధురలో, కొలంబోలో, కాకినాడలో పాఠాలు చెప్పినారు. మధురలో ఉన్నప్పుడు క్రైస్తవంలో చేరితే అమెరికా పంపి చదివిస్తామన్నారంట. ఆయన ఒప్పుకోలేదు. 1928లో జంధ్యం కూడా తీసేసినారు. దాంతో కన్నతండ్రే ఇంట్లోంచి పొమ్మన్నాడు, కులం వాళ్ళు వెలివేసినారు. భార్య సరస్వతి గారు మాత్రం ఆయన చెయ్యి వదల్లేదు. కడుపుతో ఉన్నోళ్ళు గ్రహణం చూడకూడదంటారు కదా, ఆమె కావాలనే చూసింది. బిడ్డకు ఏమీ కాలేదు.

దేవుడి మీద రాసిన రాతల వల్ల 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరితే 1939లో అదీ పోయింది. పెద్ద సంసారం. ఇంకొకరైతే తప్పయిందని ఒక కాగితం రాసిచ్చి నెల జీతం కాపాడుకునేవాళ్ళు. నేనైతే రాసిచ్చేవాణ్ణేమో, నిజం చెప్తున్నా.

1940లో ఆయన కృష్ణా జిల్లా ముదునూరు పల్లెకు పోయినారు. అక్కడే నాస్తిక కేంద్రం పెట్టినారు. కాలేజీ పిల్లలకు చెట్ల శాస్త్రం చెప్పిన మనిషి, నలభైకి దగ్గర పడినాక కూలోళ్ళకు, రైతులకు అ ఆలు నేర్పినాడు. అన్ని కులాలవాళ్ళను ఒకే పంక్తిలో కూచోబెట్టి భోజనాలు పెట్టించినాడు.

ఇక్కడ మా తాత సంగతి చెప్పాల. మేము దాదా అంటాం. మాది పెనుకొండ పక్క తాండా. దాదా ధర్మవరంలో పట్టుచీరల మూటలు మోసేవాడు. ఒకసారి రాత్రి బండిలో వస్తూ స్టేషను బోర్డు చదవలేక పెనుకొండ దాటిపోయి హిందూపురంలో దిగినాడు. తెల్లార్లూ ప్లాట్‌ఫారం మీదే చలికి ముడుచుకున్నాడు. నలభై ఏండ్ల వయసులో పలక పట్టింది ఆ సిగ్గుతోనే. అంతకుముందే మేకను బలి ఇయ్యను అన్నందుకు తాండాలో రెండేండ్లు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. అట్లా మాట్లాడని వాళ్ళే తర్వాత సంతకం నేర్చుకునేదానికి ఆయన దగ్గరికి వచ్చినారు. వేపచెట్టు కింద రాత్రిపూట చెప్పేవాడు. గోరా పేరు దాదా ఎప్పుడూ విని ఉండడు. ముదునూరు సంగతి చదువుతా ఉంటే నాకు మాత్రం ఆ వేపచెట్టే కనపడింది.

1942లో గోరా గారు జైలుకు పోయినారు. 1944లో సేవాగ్రాంలో గాంధీ గారిని కలిసినారు. దేవుణ్ణి అంతగా నమ్మే ఆయనకూ, అసలు నమ్మని ఈయనకూ స్నేహం కుదిరింది. గోరా గారి పెద్దమ్మాయి మనోరమకు హరిజన అబ్బాయితో పెండ్లి కుదిరితే, దేవుడి పేరు బదులు సత్యం పేరుతో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. 1948 జనవరిలో ఆయన్ను చంపేసినారు. మార్చిలో పెండ్లి సేవాగ్రాంలోనే జరిగింది. కొడుకు లవణం గారు జాషువా కవి కూతురు హేమలతను పెండ్లాడినారు. ఈ ఇద్దరూ తర్వాత స్టూవర్టుపురంలో ఎరుకల వాళ్ళ మధ్య పనిచేసినారు. దొంగలని ముద్ర వేసిన కులాల్లో మన సుగాలీల పేరు కూడా ఒకప్పుడు ఉండేది కాబట్టి ఈ మాట ఇక్కడ రాసినా.

పిల్లల పేర్లు చదివితే నవ్వొస్తుంది. ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టినవాడు లవణం, యుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడు సమరం, తొమ్మిదో బిడ్డ నౌ.

1947లో కేంద్రాన్ని విజయవాడ పటమటకు మార్చినారు. 1975 జూలై 26న విజయవాడలో సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే గోరా గారు కూలిపోయి చనిపోయినారు.

పుస్తకం మళ్ళీ కింది అరలోనే పెట్టినా. కావాల్సినోళ్ళు సారుకు చెప్పి తీసుకోండి. వచ్చే నెల వంతు ఎనిమిదో తరగతి వాళ్ళది.